నీరు పల్లమెరుగును

"నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును" అని తెలుగువారి సామెత. నీటికి కన్నులు లేవు. అయినను పల్లమెక్కడ నున్నదో అది తప్పక కనుగొనును. కొండమీద కురిసిన చినుకు వాగులోనికిని, వాగు చెరువులోనికిని, చెరువునీరు నదిలోనికిని, నది సముద్రములోనికిని పోవుట ప్రకృతిధర్మము. ఈ ధర్మమెరిగిన మన పూర్వులు మెరకమీద ఊరిని కట్టుకొని, పల్లమును చెరువునకును పొలమునకును విడిచిరి.

నేటి పెద్ద నగరములలో మాత్రము పల్లములు ఖాళీగా లేవు. నది ఒడ్డులందును, కాలువగట్టుల మీదను, ఎండిన చెరువుల గర్భములందును, కొండవాలులందును గుడిసెలును రేకుల ఇండ్లును బారులు తీరి యున్నవి. వానిలో నివసించువారెవరు? మేడలు కట్టు తాపీపనివారు, బరువులు మోయు హమాలీలు, ఆటోలు నడుపువారు, వీధులూడ్చువారు, ఇంటింట అంట్లు తోము స్త్రీలు, తోపుడుబండ్లపై కూరగాయలమ్మువారు. నగరము వీరి రెక్కల కష్టముమీద నడచుచున్నది. కాని నగరములో మెరకనేలకు వెల యెక్కువ. పనిచోటికి దగ్గరగా నుండి, దినకూలికి అందుబాటులో నుండు చోటు పల్లమొక్కటే. అందుచేత నీరు వెదకికొని వచ్చు చోటును, పేదవాడు వెదకికొని వచ్చు చోటును ఒక్కటే యగుచున్నది.

వరదలు, తుపానులు మొదలైన ప్రకృతి వైపరీత్యములు అందరికిని సమానమని కొందరందురు. వాన అందరి ఇండ్లమీదను ఒకే తీరున కురియుననుట నిజమే. కాని దానివలన కలుగు నష్టము అందరికిని ఒకే తీరున కలుగదు. అట్టి వేళలందు నగరములోని పేదలయెడ సంఘమునకు గల బాధ్యత యెట్టిది? అది ఎప్పుడు మొదలగును? ఎప్పుడు ముగియును? హైదరాబాదు నగరమును ముంచెత్తిన ఒక మహావరద చరిత్రయు, దాని తరువాతి కథయు ఈ ప్రశ్నలకు సమాధానమిచ్చుచున్నవి.

మూసీనది వికారాబాదు సమీపముననున్న అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా ప్రవహించి, హైదరాబాదు నగరము నడుమనుండి సాగి, తుదకు కృష్ణానదిలో కలియును. నగరమునకు ఎగువన ఈసీ యను ఉపనది దానితో చేరును. ఈ రెండు నదుల పరీవాహక ప్రదేశములో ఆ కాలమున 788 చెరువులుండెను. ఇవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు క్రింది చెరువునకు చేరును. అది నిండినచో మరియొక చెరువునకు చేరును. సాధారణ వర్షములకు ఈ యేర్పాటు ఎంతయు మేలైనది. కాని పై చెరువుకట్ట తెగినచో ఆ నీటి వేగమునకు క్రింది కట్టయు నిలువజాలదు.

1908వ సంవత్సరము సెప్టెంబరు నెల చివరను జరిగినది ఇదియే. ఎగువప్రాంతమున కుండపోతగా వాన కురిసెను. శంషాబాదులో 48 గంటలలో సుమారు 19 అంగుళముల వర్షము పడెను. చెరువులొకదాని వెంట నొకటి తెగినవి. అట్లు తెగినవి 200కు పైగా నుండెను. 27వ తేదీ రాత్రి నిద్రించిన నగరము 28వ తేదీ తెల్లవారునప్పటికి నది పాలయ్యెను. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు ప్రవహించినచో దానిని ఒక క్యూసెక్కు అందురు. ఆనాడు మూసీలో 4,25,000 క్యూసెక్కుల నీరు వచ్చెనని ఇంజనీర్లు తరువాత లెక్కగట్టిరి. అఫ్జల్‌గంజి వద్ద నీరు 11 అడుగుల యెత్తున నిలిచెను. వంతెనలపైనుండి నీరు పొంగి పారెను. 1578లో కుతుబ్‌షాహీల కాలమున కట్టిన పురానాపూలు మాత్రము ఆ ప్రవాహమునకు తట్టుకొని నిలిచెను.

నాలుగున్నర లక్షలకు మించని జనాభా గల ఆ నగరములో సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. సుమారు 19,000 ఇండ్లు కూలిపోయినవి. 80,000 మంది నిలువ నీడలేనివారైరి. కూలిన ఇండ్లలో అధిక భాగము నది ఒడ్డున మట్టిగోడలతో కట్టుకొన్నవి. రాతికట్టడము నీటిలో నానినను నిలుచును. మట్టిగోడ నానిన కొలది కరగి, తన నీడన నున్నవారి మీదనే కూలును. ఆనాడు ధనవంతుల భవనములలోనికిని నీరు ప్రవేశించెను. కాని వారికి ఎక్కుటకు మేడ యుండెను, పోవుటకు బండి యుండెను, తలదాచుకొనుటకు మెరకనున్న బంధువుల ఇల్లు ఉండెను. పేదవానికి ఈ మూడును లేవు.

అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణమున నొక చింతచెట్టు కలదు. నీరు పెరుగుచుండగా చేరువనున్నవారు దొరికిన కొమ్మ పట్టుకొని దానిపైకి ఎగబ్రాకిరి. తల్లులు బిడ్డలను పైకి అందించిరి. రేయింబవళ్లు ఆ కొమ్మలనే కరచి పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నిలిచి యున్నది.

వరద తగ్గిన పిమ్మట నగరమున కనబడిన కరుణ మరువరానిది. నాటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆశ్రయము లేనివారి కొరకు తన ప్రాసాదముల ద్వారములు తెరపించెను. వీధులలో అన్నశాలలు వెలసినవి. కులమత భేదములు పాటింపక జనులు ఒకరికొకరు తోడ్పడిరి. కవయిత్రిగా పేరు పొందిన సరోజినీ నాయుడు సహాయకార్యములందు పాల్గొని బాధితులకు సేవ చేసెను. ఆకలిగొన్నవానికి అన్నము, తడిసినవానికి పొడిబట్ట, రోగికి మందు ఇచ్చుట సంఘముయొక్క మొదటి బాధ్యత. ఆ బాధ్యతను నాటి హైదరాబాదు నెరవేర్చెను.

అన్నశాలలు మూతపడిన తరువాత ఆ నగరము అంతటితో తృప్తిపడి యుండినచో మూసీ కథ ఒక దుఃఖగాథగానే మిగిలి యుండెడిది. కాని ప్రభుత్వము మరియొక ప్రశ్న వేసికొనెను: "ఇట్టి ఆపద మరల రాకుండ ఏమి చేయవలెను?" ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిరి. ఆయన అప్పుడే బొంబాయి ప్రభుత్వ ఉద్యోగమునుండి విరమించిన ప్రఖ్యాత ఇంజనీరు. ఆయన నది పొడవునను తిరిగి, ఎక్కడ ఎంత వాన కురిసినది, ఏ చెరువు ఏ విధముగా తెగినది, ఏ వంతెన క్రింద ఎంత నీరు పోగలదు అను విషయములను సావధానముగా పరిశీలించెను. తుదకు ఆయన చేసిన సూచన యిది: వరదతో నగరములో పోరాడుట కంటె, దానిని ఎగువనే ఆపుట మేలు. మూసీకిని ఈసీకిని అడ్డముగా రెండు పెద్ద జలాశయములు కట్టినచో వరదనీరు వానియందు నిలుచును. నది భరింపగలిగినంత నీటిని మెల్లమెల్లగా క్రిందికి విడువవచ్చును.

ఆ సూచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. అవి వరదను ఆపుటయే గాక తరతరములుగా నగరమునకు త్రాగునీటి నిచ్చినవి. విశ్వేశ్వరయ్య అంతటితో ఆగలేదు. మురుగు పోవు దారులు లేని ఇరుకువాడలందు రోగములు ప్రబలునని చెప్పి, నగరమునకు మురుగుకాలువల ఏర్పాటును గూడ సూచించెను. 1912లో నగరాభివృద్ధి సంస్థ యొకటి ఏర్పడెను. అది ఇరుకైన మురికివాడలను తొలగించి, వీధులను వెడల్పు చేసి, మల్లేపల్లి మొదలగు చోట్ల సామాన్యుల కొరకు గాలియు వెలుతురును గల ఇండ్లను కట్టించెను. ఆ సంస్థ పేరున "సి.ఐ.బి. క్వార్టర్లు" అనుమాట నగరములో నేటికిని వినబడుచున్నది.

ఇందులో గమనింపదగిన సంగతి యొకటి కలదు. అన్నదానము కొన్ని దినముల పని. జలాశయముల నిర్మాణము సుమారు ఇరువది సంవత్సరముల పని. మొదటిది కన్నీరు చూచి కలిగిన దయ. రెండవది కన్నీరు కంటికి కనబడని దినములందును మరువక చేసిన కర్తవ్యము. దయ గొప్పదే. కాని వరద పోయిన తరువాతను నిలుచు దయకే బాధ్యత యని పేరు.

ఆ తరువాతి కథ అంత సంతోషకరమైనది కాదు. జలాశయములు వరదను ఆపుటతో నగరములో మూసీ సన్నని పాయగా మారెను. ఎండిన నదీగర్భమును చూచి జనులు నదినే మరచిరి. బ్రదుకుతెరువు వెదకికొని జిల్లాలనుండి వచ్చిన కూలీలు ఆ ఒడ్డున గుడిసెలు వేసికొనిరి. అదే కాలమున నగరములోని చెరువులు పూడ్పబడి ఇండ్లస్థలములైనవి. వానిలో కొన్ని నేడు పేరునకు మాత్రమే మిగిలినవి. మాసాబ్‌ట్యాంకు అను పేట పేరులో చెరువు కలదు గాని, ఆ పేటలో చెరువు లేదు. వాననీరు పోవు నాలాలు ఇరుకైనవి. మట్టినేల కొంత నీటిని త్రాగును. సిమెంటు నేల ఒక్క చుక్కయు త్రాగదు. కాబట్టి వెనుక ఒక దినమునకు గాని పల్లమునకు చేరని నీరు నేడు ఒక్క గంటలో చేరుచున్నది.

దీని ఫలితము 2000వ సంవత్సరము ఆగస్టు నెలలో తెలిసివచ్చెను. ఆ నెల 24వ తేదీన నగరములో 24 సెంటీమీటర్ల వాన కురిసి పల్లపు బస్తీలు జలమయమైనవి. 2020 అక్టోబరు 13వ తేదీన మరల కుండపోత వర్షము కురిసెను. చెరువుకట్టలు తెగి పాతనగరపు బస్తీలలోనికి నీరు ప్రవేశించెను. బండ్లగూడలో గోడ కూలి ఇండ్లమీద పడగా పిల్లలతో సహా పలువురు మరణించిరి. 2025 సెప్టెంబరు చివరను, అనగా 1908 నాటి వరద వచ్చిన నెలలోనే, జలాశయముల తలుపులు తెరువవలసి రాగా మూసీ మరల పొంగి, చాదర్‌ఘాటు ప్రాంతపు బస్తీలను ముంచెను. నది తన దారిని మరువలేదు, మరచినవారు మనుష్యులే.

ఇట్టి మరపు ఒక్క హైదరాబాదునకే చెందినది కాదు. విజయవాడ ప్రక్కన బుడమేరు అను వాగు కలదు. అది మైలవరము కొండల ప్రాంతమునుండి వచ్చి కొల్లేటిలో చేరును. దాని వరదను కొంత కృష్ణానదిలోనికి మళ్లించుటకు వెలగలేరు వద్ద రెగ్యులేటరును, అచ్చటినుండి ఒక మళ్లింపు కాలువను నిర్మించిరి. కాని కృష్ణయే నిండుగా పారుచున్నప్పుడు ఆ కాలువనీరు నదిలో చేరజాలక వెనుకకు తన్నును. 2024 ఆగస్టు 31వ తేదీన మొదలైన మహావర్షములకు కృష్ణయు బుడమేరును ఒక్కసారిగా పొంగినవి. సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చెను. అంత వరద ఆ బ్యారేజి అదివరకెన్నడును చూచి యుండలేదు. బుడమేరు మళ్లింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడెను. ఆ నీరంతయు నగరములోని అజిత్‌సింగ్ నగరు, రాజరాజేశ్వరీపేట, పాయకాపురము మొదలగు పల్లపు పేటలను ముంచెత్తెను. మరియొక ప్రక్క మొగల్రాజపురములో కొండచరియ విరిగి వాలుననున్న ఇండ్లమీద పడగా కొందరు ప్రాణములు కోల్పోయిరి.

సైనికుల సహాయముతో సెప్టెంబరు 7వ తేదీకి గండ్లు పూడ్చబడినవి. అంతవరకును వేలాది కుటుంబములు నీటి నడుమనే యుండెను. పడవలతోను, హెలికాప్టర్లతోను, డ్రోన్లతోను ఆహారమును త్రాగునీటిని పంపిరి. ఎందరో యువకులు నడుములోతు నీటిలో నడచి పాలప్యాకెట్లు అందించిరి. అయినను సన్నని సందులలోపలి ఇండ్లకు సాయము చేరుట ఆలస్యమయ్యెను. పెద్దవీధిలో నున్నవాని కేక పడవకు వినబడును. సందు చివర మంచమునపడియున్న ముసలివాని మూలుగు ఎవరికి వినబడును?

మునిగిన పేటలలో వాంబే కాలనీ యొకటి. అది పేదల కొరకు ప్రభుత్వ గృహనిర్మాణ పథకము క్రింద కట్టబడిన కాలనీ. పేదవానికి ఇల్లు ఇచ్చుట మంచిపనియే. కాని ఆ ఇల్లు ఏ నేలమీద నున్నది, ఆ నేలకు నీరు ఎటునుండి వచ్చును అని విచారింపనిచో ఆ మేలు సగమే యగును.

నీరు తీసిన పిదప ఇండ్లనిండ బురద మిగిలెను. అగ్నిమాపక యంత్రములతో ఇండ్లను కడిగించిరి. రాష్ట్రములోని ఇతర పట్టణములనుండి పారిశుద్ధ్య కార్మికులను రప్పించిరి. ఆ కార్మికులును తమ తమ ఊళ్లలో పల్లపు వాడలందు కాపురముండు బీదలే. పేదవాని ఇంటి బురదను కడిగినదియు పేదవాని చేయియే యనుట మరువరాదు. ప్రభుత్వము నష్టపరిహారమును ప్రకటించుచు, నేల అంతస్తున నున్న కుటుంబమునకు 25,000 రూపాయలును, పై అంతస్తులవారికి 10,000 రూపాయలును నిర్ణయించెను. పల్లముననున్నవానికి నష్టము హెచ్చని ప్రభుత్వలెక్కయే ఆ విధముగా అంగీకరించెను.

వరదలో పేదవాడు పోగొట్టుకొనునది చూచుటకు స్వల్పముగా నుండును. కుట్టుమిషను, తోపుడుబండి, ఆటో, ఇస్త్రీపెట్టె, తాపీపనివాని పనిముట్లు: వీని వెల ధనవంతుని కారు వెలతో పోల్చినచో లెక్కకు రాదు. కాని కారు తడిసినచో ధనవంతుని జీతము ఆగదు. దానికి తరచుగా బీమాయు నుండును. కుట్టుమిషను తుప్పుపట్టినచో ఆ ఇంట ఆనాటి పొయ్యి వెలుగదు. పనిలేని పది దినములు అప్పుతో గడచును. ఆ అప్పు తీర్చుటకు ఏడాది పట్టును. ఆ యేడాదిలో పెద్దపిల్లవాడు బడి మాని పనికి పోవును. నీరు వారములో తీసిపోవచ్చును. అది మిగిల్చిన లోతు ఆ కుటుంబమున ఒక తరము నిలువవచ్చును.

దీనికి తోడు కాగితముల చిక్కు కలదు. రేషనుకార్డు, ఆధారుకార్డు, బ్యాంకుపుస్తకము నీటిలో కొట్టుకొనిపోయినవాడు సహాయమునకై కచేరీకి పోయి తాను తానేయని ఋజువు చేసికొనవలసి యుండును. అద్దె ఇంటిలో నున్నవాని పేర ఇల్లుండదు. పొరుగురాష్ట్రమునుండి వచ్చిన కూలివాని పేరు ఏ పట్టికలోను ఉండదు. ఎవనికి సాయము మిక్కిలి అవసరమో వానికే అది అందుట మిక్కిలి కష్టమగును.

"ముందుగా హెచ్చరించినను వీరు ఇండ్లు విడిచి రారు" అను నింద యొకటి తరచుగా వినబడును. దాని కారణమును విచారింపవలెను. తాళము సరిగా పడని గుడిసెను విడిచి పోయినచో ఉన్న నాలుగు గిన్నెలును దొంగలపాలగునని భయము. మేకనో, కోళ్లనో ఎచ్చట కట్టవలెనని చింత. శిబిరములో స్త్రీలకు చాటుగల స్నానపుగది యుండునో లేదో యను సందేహము. వరద రాకపోయినచో ఒకనాటి కూలి వ్యర్థముగా పోవునను బాధ. ఈ భయములను తీర్పకుండ హెచ్చరించుట మాత్రమే చాలదు. బస్తీకి కావలి పెట్టి, వాహనములు పంపి, శుభ్రమైన శిబిరము చూపి పిలిచినచో రానివారు అరుదు.

అట్లే "వీరిని నగరము వెలుపలికి పంపివేసిన చాలును" అనువారును కలరు. ప్రమాదమైన చోటునుండి మనుష్యులను తప్పించుట అవసరమే. కాని ఇంటిని మార్చినంతమాత్రమున బ్రదుకు మారదు. 2024లో మూసీగర్భమున నున్న కుటుంబములలో కొన్నిటిని ప్రభుత్వము రెండు పడకగదుల ఇండ్లకు తరలించెను. కొందరు సంతోషముతో వెడలిరి. మరికొందరు, తమ పనిచోటును పిల్లల బడియు దూరమగునని అభ్యంతరము చెప్పిరి. ఇది మొండితనము కాదు. అంట్లు తోమి బ్రదుకు స్త్రీకి ఆమె పనిచేయు వీధియే పొలము. పొలమునకు ఇరువది మైళ్ల దూరమున ఇల్లిచ్చినచో ఆమె కొన్నినాళ్లకు మరల నది ఒడ్డునకే వచ్చును. ఇల్లు, పని, బడి, బస్సు ఈ నాలుగును కలిసినప్పుడే అది పునరావాసము. లేనిచో అది స్థలము మార్చిన కష్టము.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావలెను. ఈ భారమును సంఘమంతయు ఎందులకు వహింపవలెను? వరద తెచ్చినది ప్రకృతి; పల్లమున ఇల్లు వేసికొన్నది ఆ పేదవాడు; మెరకనున్నవాని తప్పేమి? దీనికి నీరే సమాధానము చెప్పుచున్నది. పల్లమునకు చేరు నీరు మెరకనుండియే వచ్చును. మెరకమీది చెరువును పూడ్చి మేడ కట్టినప్పుడు ఆ చెరువునీరు పల్లపు ఇంటిలో చేరును. పెరడంతయు సిమెంటు చేయించినప్పుడు ఆ పెరటివాన పల్లపు వీధిలో నిలుచును. వాడి పారవేసిన ప్లాస్టిక్ సంచి నాలాకు అడ్డుపడి, ఎవరెరుగని పసిబిడ్డ ఉయ్యెలక్రింద నీరై పొంగును. పల్లముననున్నవాని కష్టమున మెరకనున్నవాని పాలు కలదు. అందుచేత పేదలకు చేయు సాయము కేవలము దానము కాదు. అది చాలవరకు ఋణము తీర్చుట. దానము ఇచ్చువాని యిష్టముపై ఆధారపడును. ఋణము తీర్చక తప్పదు.

మన శాసనములును ఈ భావమునే అంగీకరించినవి. 2005లో పార్లమెంటు విపత్తుల నిర్వహణ చట్టమును చేసెను. దేశమునకును, రాష్ట్రములకును, జిల్లాలకును ఇందుకై ప్రత్యేకసంస్థలు ఏర్పడినవి. విపత్తు వచ్చిన తరువాత ఆదుకొనుట మాత్రమే కాక, రాకముందే నష్టమును తగ్గించుటకు సన్నాహము చేయుటయు వాని విధి. సహాయము పంచుటలో స్త్రీపురుషులనియు, కులమనియు, మతమనియు భేదము చూపరాదని ఆ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది.

కావున సంఘముయొక్క బాధ్యత మూడు కాలములకు చెందినది. వరదకు ముందు: చెరువులను, నాలాలను కాపాడుట, పేదవానికి పనిచోటికి చేరువగా మెరకనేలను చూపుట, ఏ సందులో ముసలివారు, రోగులు, గర్భిణులు ఉన్నారో పట్టిక వ్రాసి యుంచుట. వరద వేళ: సందు చివరి ఇంటినుండి సాయము మొదలుపెట్టుట. వరద తరువాత: అన్నముతోపాటు పనిముట్టును, బట్టతోపాటు పోయిన కాగితమును, మందుతోపాటు పిల్లల పుస్తకమును తిరిగి సమకూర్చుట. ఈ మూడింటిలో నడిమిది అందరికిని కనబడును. దానిని పత్రికలు కొనియాడును. మొదటిదియు చివరిదియు ఎవరికిని కనబడవు. కాని ప్రాణములు నిలుపునది మొదటిది. బ్రదుకులు నిలుపునది చివరిది. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట తెలివిగాదని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

ప్రభుత్వము చేయవలసిన పనులు పెద్దవి. అయినను ప్రతి పౌరుడును, ప్రతి విద్యార్థియు చేయదగిన పనులును కలవు. తమ వీధిలో కురిసిన వాన ఏ కాలువగుండ ఎచ్చటికి పోవునో తెలిసికొనుట మంచి పాఠము. నాలాలో చెత్త వేయకుండుట చిన్నపని కాదు. వరద వేళ పాఠశాల శిబిరమైనచో, తాము కూర్చుండు బల్లలను సంతోషముతో విడుచుట, చదువురాని పెద్దలకు దరఖాస్తులు వ్రాసిపెట్టుట, పుస్తకములు పోయిన తోటివానికి పాఠములు ఎత్తి వ్రాసి యిచ్చుట పిల్లలు చేయగలిగిన సేవలు.

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు పౌరులు కొందరు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోని ఆ చింతచెట్టుక్రింద చేరి, నాటి మృతులను స్మరింతురు. ఆ చెట్టు తన కొమ్మలు పట్టుకొన్నవారిని ధనికుడవా, బీదవాడవా యని అడుగలేదు. అది ఆపదవేళ చూపవలసిన కరుణకు గుర్తు. నగరమునకు ఎగువన నిలిచిన రెండు జలాశయములు ఆపద రాకముందు చూపవలసిన బాధ్యతకు గుర్తు. చెట్టు నూటయేబది మందిని కాపాడెను. జలాశయములు తరతరములను కాపాడినవి. సంఘమునకు ఈ రెండును కావలెను. ఆకాశమున మబ్బు లేని దినములందు, పల్లముననున్నవారిని తలచుకొని పనిచేయు సంఘమే నాగరిక సంఘమనిపించుకొనును.